పద్నాలుగో నిమిషంలో చదివింపు

ఆ ఆదివారం నేను చెయ్యాల్సిన పనులు, నోటుపుస్తకంలో రాసుకున్నవి రాసుకున్నట్టే:

ఏడింటికల్లా కంచరపాలెం మెట్టు దగ్గర బస్సు పట్టుకోవాలి.
ఫోను నిండా చార్జి పెట్టుకోవాలి.
మూడు షోలూ చివరిదాకా చూడాలి. నచ్చకపోయినా మధ్యలో లేవకూడదు.
కుర్చీలు, నీడ, మంచినీళ్ళు, బాత్‌రూములు ఎంత దూరమో రాయాలి.
పెద్దవాళ్ళు మెట్లెక్కగలరా చూడాలి. (అమ్మని తీసుకెళ్తే తేలిపోతుంది.)
పార్కువాళ్ళు పెట్టే భోజనం తినకూడదు. తింటే బాగుందని రాయాల్సొస్తుంది.
అమ్మని ఎండలో తిప్పకూడదు.
నాలుగింటికల్లా నవీద్ గారికి రిపోర్టు పంపాలి.

మా పేజీ పేరు ‘ఎల్దామా?’. విశాఖ జనం ఆదివారం పూట ఎక్కడికి వెళ్ళొచ్చో, ఎక్కడికి వెళ్ళనక్కర్లేదో చెప్తాం. పాతపట్నంలో వాళ్ళ అత్తరు కొట్టు మేడ మీద కూర్చుని నవీద్ గారు నడుపుతారు. ప్రతి రిపోర్టు చివరా మూడు మాటల్లో ఒకటి పెట్టాలి: ఎల్దాం, ఆలోచిద్దాం, ఇంట్లోనే ఉందాం. నేను చేరి రెండు నెలలు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే మా నాన్న, “పార్కు సూసొచ్చి బాగుందో నేదో సెప్తే జీతవిత్తారేటే?” అని ఇప్పటికీ నమ్మలేనట్టు అడుగుతాడు. అందుకే నాకు ఒక్క తప్పు మాట కూడా రాయకూడదని పట్టుదల.

ఆనందపురం దాటాక కొత్తగా పెట్టిన ‘సముద్రపురి’ పార్కులో ఆ నెలే మూడు స్టేజీ షోలు మొదలెట్టారు. టికెట్టు పెట్టి అంత దూరం వెళ్ళి చూడదగ్గవేనా? అదీ నేను తేల్చాల్సింది.

గేటు దగ్గర సుధారాణి గారు ఎదురొచ్చింది. షోల మేనేజరు. నల్ల టీషర్టు, చెవిలో మైకు, చేతిలో టైము చూసుకునే గడియారం. నా మెడలో ఒక పాసు వేసి, అమ్మ పాసు ఆమె వైపు చూడకుండానే నా చేతిలో పెట్టి, “ముందు వరస మీదే మేడమ్” అంటూనే ఎవరితోనో మైకులో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. నన్ను మేడమ్ అనడం విని అమ్మ నా డొక్కలో పొడిచింది.

మొదటిది ‘జలరాణి’. పెద్ద గాజు తొట్టె, నీళ్ళలో చేపతోక కట్టుకున్న అమ్మాయి, పాట. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆ అమ్మాయి రెండోసారి మునిగి ఎంతకీ పైకి రాకపోయేసరికి మా అమ్మ లేచి నిలబడిపోయింది.

“ఓలమ్మో! ఆ పిల్లకి ఊపిరాడతందా? ఎవులైనా పైకి లాగండే!”

వెనక నాలుగు వరసలు నవ్వాయి. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. నోటుపుస్తకంలో రాశాను: గాజు మీద మరకలు. ఎనిమిదో వరస దాటితే తోక మాత్రమే కనిపిస్తుంది.

రెండోది ‘నౌకాయుద్ధం’. ఫిరంగులు, పొగ, తాళ్ళకి వేలాడి దూకేవాళ్ళు. ఒక్కో పేలుడికీ అమ్మ చెవులు మూసుకుంది. అయ్యాక అడిగితే, “మీ తాత హార్బర్లో కళాసీ. నాను సూసిన ఏ ఓడకీ ఇంత రంగు నేదే. తుప్పు నేని ఓడేటి?” అంది. అది కూడా రాసుకున్నాను. అప్పటికే పన్నెండున్నర. నాకు కాలు నిలవడం లేదు. నవీద్ గారి మెసేజీలు రెండు వచ్చాయి, మూడో షో ఒంటిగంటకి, అమ్మకి దాహం.

స్టేజీ వెనక కుళాయి దగ్గర నీడుంది. అక్కడ పన్నెండు మంది మగవాళ్ళు కాళ్ళకి గజ్జెలు కట్టుకుంటున్నారు. వాళ్ళే మూడో షో: తప్పెటగుళ్ళు. గుండె మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడే ఆట. మా వైపు గొర్రెలు కాసుకునే ఇళ్ళవాళ్ళది. వాళ్ళలో పెద్దాయన తన తప్పెటని ఒళ్ళో పెట్టుకుని తుడుచుకుంటున్నాడు. అమ్మ నీళ్ళు తాగడం మానేసి అడిగింది.

“ఏవూరన్నా మీది?”

“పెందుర్తవతల కొత్తగొల్లపాలెం సెల్లీ. నా పేరు వీరన్న.”

“ఓలమ్మా, మా అమ్మోల్ది ఆ పక్కూరే! మరి ఇంకా అలా తుడుత్తావేటి, ఓపాలి వాయించు, ఇంటాను.”

“గట్టిగా వాయించొద్దన్నారు. మోత రికార్డులో ఉందట. మనం ఊరికే తట్టాల. పద్దెనిమిది నిమసాలాట. పద్నాలుగో నిమసంలో మావోలు ఒకల మీదొకలెక్కి గోపురం కడతారు. అప్పుడు పైనించి రంగు కాయితాలు పడతాయి.”

పక్కన గజ్జెలు కట్టుకుంటున్న కుర్రాడు నవ్వాడు. “నిన్న మా వీరన్న మావ రెండు గెంతులెక్కువేసీసాడు. గోపురం కట్టీసరికి కాయితాలు ఊడ్సీసి బుట్టలో ఏసీసారు.”

అందరూ నవ్వారు. వీరన్న కూడా నవ్వాడు గానీ వెంటనే ఆపేశాడు. “ఈ నెలాకరికి మూడాటల్లో ఒకటి తీసీత్తారట సెల్లీ. పేపరోల్లూ ఫోనోల్లూ ఏది బాగుందంటే అది ఉంచుతారట. మాదే పోద్దంటన్నారు. ఊల్లల్లో జాతరలకి డీజేలెట్టుకుంటన్నారు, మమ్మల్నెవులు పిలుత్తన్నారు? ఇక్కడైతే రోజూ తప్పెట కడతన్నానని గొర్రెలమ్మీసొచ్చాను.”

“మా జోతి రాత్తాది! ఆ ఫోనోల్ల మనిసే!” అని అమ్మ నన్ను ముందుకి తోసింది.

మా తాత వయసు మనిషి నాకు దణ్ణం పెట్టాడు. నేను వెనక్కి జరిగాను. “చూశాక రాస్తాను తాతా. చూడకుండా రాయను” అన్నాను. మాట సరైనదే. కానీ ఆయన ముఖం చూశాక ఇంకోలా చెప్పుంటే బాగుండేదనిపించింది.

ఒంటిగంటకి షో మొదలైంది. ముందు వరసలో కూర్చుని చూస్తే సంగతి తెలిసిపోతుంది. చేతులు తప్పెట మీద ఆడుతున్నాయి గానీ మోత అటుపక్కా ఇటుపక్కా స్పీకర్లలోంచి వస్తోంది. పెదవులు కదులుతున్నాయి, పాట ఎవరిదో. లైట్లు మారుతున్నాయి, అడుగులు లైట్ల వెంట పరిగెడుతున్నాయి. వెనక వరసల్లో జనం ఫోన్లు చూసుకుంటున్నారు. ‘మూడిట్లోనూ ఇదే బలహీనం’ అని రాశాను. రాసి, దాని మీద చెయ్యి పెట్టాను, అమ్మకి చదవడం రాకపోయినా.

చెయ్యి తీసి పక్కకి చూస్తే అమ్మ కుర్చీలో లేదు.

స్టేజీ దగ్గరికి వెళ్ళిపోయింది. చీర కొంగు ముడి విప్పి, పది రూపాయల నోటు తీసి, చెయ్యి పైకెత్తి పట్టుకుంది. మా ఊళ్ళలో ఆట నచ్చితే అంతే చేస్తారు, ఆటగాళ్ళు ఆగి ఇచ్చినవాళ్ళ పేరు పైకి చదువుతారు. ఆయనకి సాయం చేద్దామనే చేసింది, ఆ మాట తర్వాత బస్సులో చెప్పింది. పార్కు రూలేమిటో మాకెవరూ చెప్పలేదు. వీరన్నకి మాత్రం చెప్పారు. అయినా నలభై ఏళ్ళు ఆడిన మనిషి. ఎదుట చదివింపు నోటు పట్టుకుని మనిషి నిలబడితే ఆగకుండా గెంతడం ఆ ఒంటికి తెలీదు.

ఆగాడు. ఆయన ఆగితే పదకొండు మందీ ఆగారు. స్పీకర్లలో తప్పెటలు మోగుతూనే ఉన్నాయి. ఆయన వంగి నోటు అందుకుని, అమ్మ చెప్పింది విని, నిటారుగా నిలబడి గొంతెత్తాడు.

“కంచరపాలెం వాస్తవ్యులు జోగమ్మ గారు మన ఆట మెచ్చి పది రూపాయలు చదివించారు! ఆరి పిల్లాపాపలు సల్లగుండాల! ఆరింట పాలు పొంగాల!”

పద్నాలుగో నిమిషం అప్పుడే అయింది. గోపురం లేని చోట రంగు కాగితాలు బుస్సున పడ్డాయి. వెనక ఎవరో ఈల వేశారు, అందరూ నవ్వారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. సుధారాణి గారు స్టేజీ పక్క నుంచి చేతులూపుతోంది. ఎవరో రికార్డు ఆపేశారు.

ఆ నిశ్శబ్దంలో వీరన్న తప్పెట మీద ఒక్క దెబ్బ వేశాడు.

దాని గురించి ఎలా రాయాలో నాకు సరిగ్గా రాదు. నా కుర్చీ ఇనప చువ్వలోకి వచ్చింది ఆ దెబ్బ. తర్వాత పన్నెండు తప్పెటలూ కలిశాయి. ఐదో వరసలోంచి ఒక ముసలాయన లేచి నోటు పట్టుకుని వచ్చాడు. “సింహాచలం వాస్తవ్యులు చలమయ్య గారు!” తర్వాత ఒకావిడ, “మా పిల్ల పేరు చదవండి” అని పాపని ఎత్తుకుని వచ్చింది. పేరు విని ఆ పాప సిగ్గుపడి తల్లి మెడలో ముఖం దాచుకుంది. ఒక్కో పేరుకీ వరస మారుతోంది, అడుగు మారుతోంది. ఫోన్లు చూసుకునేవాళ్ళు లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఆట పద్దెనిమిది నిమిషాలు కాదు, నలభై అయింది.

తర్వాతి ఓడ షో ఆలస్యమైంది. టికెట్లు కొన్నవాళ్ళు ఎండలో నిలబడి గొడవ చేశారు. అది సుధారాణి గారి తప్పు కాదు, ఆవిడ మాట పడింది. స్టేజీ వెనక ఆవిడ వీరన్నని అడుగుతుంటే నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను.

“ప్రేక్షకుల దగ్గర ఏమీ తీసుకోకూడదని చెప్పానా లేదా? ఎవరా ముసలావిడ? మీకు తెలిసినావిడేనా?”

వీరన్న నా వైపు చూడలేదు. “తెలీదమ్మా. ఎవులో పెద్దావిడ. తప్పు నాదే.”

మా అమ్మేనండీ అని అనాలి. నా మెడలో ఆ పార్కు పాసే ఉంది. నా ఫోను మోగుతోంది, నవీద్ గారు. నాలుగింటికి పంపాలి. నేను ఫోనెత్తి, “వస్తోంది సార్, ఇంకో గంట” అంటూ పక్కకి నడిచాను.

రిపోర్టు బస్సులోనే రాశాను. అమ్మ నా భుజం మీద నిద్రపోతోంది. జలరాణి పిల్లలకి సరే, ముందు వరసల్లో అయితేనే. నౌకాయుద్ధం ఆ మోత తట్టుకోగలవాళ్ళకి. తప్పెటగుళ్ళ దగ్గర బలహీనం అన్న మాట కొట్టేసి, చదివింపుల గురించి, పేరు చదివినప్పుడు జనం ముఖాల గురించి నిండా రాశాను. చివర ‘ఎల్దాం’ అని పెట్టాను. ఆట ఎందుకు ఆగిందో మాత్రం ‘ప్రేక్షకుల ఉత్సాహం వల్ల’ అని రాశాను. ఉత్సాహం పేరు జోగమ్మ అని రాయలేదు.

రెండు రోజులు వీరన్న ‘తప్పు నాదే’ అన్న మాటే చెవిలో ఉంది. మంగళవారం సుధారాణి గారికి నేనే ఫోను చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

“మేడమ్! మీకే థ్యాంక్స్ చెప్పాలి. మీ రిపోర్టు చూసి బుకింగులు పెరిగాయి. ఆ షో ఉంచుతున్నారు, జలరాణి తీసేస్తున్నారు. చదివింపులు కూడా పెట్టాం! పద్నాలుగో నిమిషంలో మా స్టాఫులో అమ్మాయే ఒకతె ముసలావిడ వేషంలో నోటు తెస్తుంది. పేర్లన్నీ స్టూడియోలో రికార్డు చేయించాం. ఇక టైము ఒక్క సెకను తప్పదు.”

“వీరన్న గారు?”

“ఆయన్ని వద్దనుకున్నాం మేడమ్. మిగతా పదకొండు మందీ ఉన్నారు. నిజంగా ఎవరైనా నోటు చూపిస్తే ఆయన మళ్ళీ ఆగిపోతారు కదా.”

“ఆ నోటు పట్టుకున్నది మా అమ్మండీ. ఆయన తప్పేం లేదు. నేనక్కడే ఉండి చెప్పలేదు.”

“జోగమ్మ గారు మీ అమ్మగారా? అయ్యో, రికార్డులో ఆ పేరే పెట్టాం మేడమ్. వినడానికి బాగుందని.” తర్వాత కొంచెం మెల్లగా అంది. “ఆయన సంగతి హెడ్డాఫీసువాళ్ళు తేల్చేశారు. నా చేతిలో లేదు.”

పాతపట్నం వెళ్ళి జరిగిందంతా నవీద్ గారికి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన సీసాలు సర్దుతూ అడిగారు. “నువ్వు రాసింది ఆదివారం నిజమేనా?”

“నిజమే సార్.”

“ఇప్పుడు?”

“కాదు.”

“ఐతే మళ్ళీ ఎల్లు. టికెట్టు కొనుక్కుని ఎల్లు, పాసొద్దు. సూసి రాయి.”

వెళ్ళాను. తప్పెటగుళ్ళ షో శుభ్రంగా ఉంది. గోపురం సరిగ్గా కట్టారు, కాగితాలు సరిగ్గా గోపురం మీద పడ్డాయి. మంచి గొంతు ఒకటి “కంచరపాలెం వాస్తవ్యులు జోగమ్మ గారు” అని చదివింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఆదివారం కుళాయి దగ్గర అందర్నీ నవ్వించిన కుర్రాడు ఇప్పుడు నడిమధ్యన ఆడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి తల దించుకున్నాడు.

అమ్మ ఊరుకోలేదు. బస్సెక్కి కొత్తగొల్లపాలెం పోయింది. వీరన్న ఇంట్లో లేడు, సింహాచలం కొండ కింద ఎవరివో గొర్రెలు కాస్తున్నాడట. తప్పెట మేకుకి వేలాడుతోందట, గుడ్డ కప్పి. వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“నా పేరు రోజుకి ఎన్నిసార్లు సదువుతారే?”

“మూడుసార్లు.”

“నానేటి సేసానే? పది రూపాయలిచ్చాను, అంతే గదా. మరి ఆయన పేరెవులు సదువుతారు?”

కాబట్టి ‘ఎల్దామా?’ చదివేవాళ్ళకి ఇది నా రెండో రిపోర్టు. సముద్రపురిలో కుర్చీలు బాగున్నాయి, నీళ్ళున్నాయి, మెట్లకి పక్కన రెయిలింగు ఉంది, పిల్లలకి సరదాగా ఉంటుంది. మొదటిసారి నేను పెట్టిన ‘ఎల్దాం’ వెనక్కి తీసుకుంటున్నాను. ‘ఆలోచిద్దాం’ అని పెడుతున్నాను. వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. పద్నాలుగో నిమిషంలో మా అమ్మ పేరు వినిపిస్తుంది, ఆవిడ అక్కడ ఉండదు. అప్పుడు దయచేసి మీ మనసులో ఇంకో పేరు చదవండి. నాకు గొంతెత్తడం రాదు, రాయడమే వచ్చు: పెందుర్తి అవతల కొత్తగొల్లపాలెం వాస్తవ్యులు, తప్పెటగుళ్ళ వీరన్న గారు. ఆయన్ని గుర్తుంచుకోండి.