రెప్పలోని మాట

టైలరు కొట్టు షట్టరు లేచింది మొదలు ఆ పిల్ల కాజాలు కుడుతూనే ఉండేది. అన్న కత్తిరిస్తాడు, వదిన మిషను తొక్కుతుంది, కాజాలూ గుండీలూ ఈమెవి. ఏం చెప్పినా సరే అంటుంది కాబట్టి వీధంతా ఆమెని సరేపిల్ల అనేది.

మింగిన మాట ఎక్కడో ఒకచోట గడ్డకట్టాలి కదా, ఈమెకి కుడి కనురెప్పలో కట్టేది. వేడి కాపడానికి దిగేది కాదు. వదిన మూడుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించింది. రెండు నిమిషాల పని, కట్టు ఉండదు, మధ్యాహ్నానికల్లా సూది పట్టొచ్చు. మాట కరిగి లోపలికే పోయేది. రెప్ప మీద తెల్లమచ్చ మిగిలేది.

నాలుగోది ఈ వారం లేచింది. పక్క ఊళ్ళో నాటకాల దుస్తులు కుట్టే సంస్థవాళ్ళు పనిలో చేరమని ఫోన్ చేస్తే, వదిన తీసి, మా పిల్ల రాదండీ అనేసింది. సోమవారం దాకా చూస్తామన్నారు వాళ్ళు. ఈమె సరే అంది. సాయంత్రానికి రెప్పలో శనగగింజంత గడ్డ.

శనివారం డాక్టరమ్మ రెప్ప తిప్పి చూసింది. ఒకేచోట మళ్ళీ మళ్ళీ వస్తోంది, ఇంజెక్షన్‌కి పూర్తిగా కరగదేమో, కోసి ముక్కని పరీక్షకి పంపడం మేలంది. కోత లోపలివైపే, బయటికి కనపడదు. ఒక్కరోజు కట్టు.

"కాకపోతే, కోస్తే లోపలి మాట బయటికొస్తుంది," అంది వదినవైపు చూసి.

"ఇంజెక్షనే ఇవ్వండి. మూడొందల చొక్కాలున్నాయి. దీని కన్ను కట్టేస్తే గుండీలు నేను పళ్ళతో కుట్టాలా?"

పిల్ల నోరు తెరిచింది. అలవాటైన ఆ రెండక్షరాలూ ఈసారి రాలేదు. నోరు మూసుకుని, లేచి వెళ్ళి ఆ గదిలోనే ఉన్న ఆపరేషన్ బల్ల మీద పడుకుంది. కొయ్యమంటావా అని డాక్టరమ్మ అడిగితే తల ఊపింది.

మత్తు సూది దిగింది. రెప్ప తిరగేసి బిగించారు. కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. లోపల ఏదో గోకుతోంది, కదలడానికి లేదు.

స్టీలు పళ్ళెంలో మాట పడింది.

"నేను వెళ్తాను వదినా," అంది, ఈ పిల్ల గొంతుతోనే, కోపం లేకుండా. కరగ్గా అడుగున మిగిలిన పాతవి దాని వెనకే రాలాయి. నడుం లాగేస్తోంది. ఆదివారం కుట్టలేను. ఆ చొక్కా కాల్చింది నేను కాదు.

చివరిదానికి వదిన తలొంచుకుంది.

నర్సు ముక్కని సీసాలో వేసి మూత బిగించి, రిపోర్టు వారానికి వస్తుంది, ఏ అడ్రసుకి పంపాలని అడిగింది. పిల్ల నాటకాల సంస్థ అడ్రసు చెప్పింది, వీధి నంబరుతో సహా.

వదిన సీసాని చూసింది.

"ఒంటికన్నుతో ఏం బస్సెక్కుతావే," అంది. "రేపు కట్టు విప్పాక వెళ్ళు."