ట్రాక్టర్ నూనె తాగిన బండి

నేను ఒక ముసలి మోటార్‌సైకిల్‌ని. కొత్తలో నా ట్యాంకులో ముఖం చూసుకుని తల దువ్వుకునేవారు. ఇప్పుడు అక్కడ సొట్టలు తప్ప మరేమీ కనపడవు. మొదట పశువుల ఆసుపత్రి కాంపౌండరు దగ్గర, తర్వాత పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే ఒకాయన దగ్గర, ఆపైన ఎవరెవరి దగ్గరో బతికాను. అమ్మేటప్పుడు మాత్రం ప్రతివాడూ "సింగిల్ హ్యాండ్ బండి, ఒక్కడే వాడింది" అనే చెప్పాడు. బండి అమ్మేటప్పుడు ఆడినన్ని అబద్ధాలు మనుషులు పెళ్ళి సంబంధాల్లో కూడా ఆడరు.

చివరికి మద్దిలేటి చేతిలో పడ్డాను. డోన్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక మెట్ట ఊరు అతనిది. ట్రాక్టరు తోలుతాడు. భార్య సుంకులమ్మ అంగన్‌వాడీలో ఆయా. పదమూడేళ్ళుగా పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, ముక్కులు తుడిచి, టీచరు రాని రోజున పాఠాలు కూడా తనే చెబుతోంది. పదో తరగతి పాసైతే, ఆ టీచరు దిగిపోగానే ఆ ఉద్యోగానికి తను దరఖాస్తు పెట్టుకోవచ్చు. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి, లెక్కలు మాత్రం రెండుసార్లు తప్పింది. ఈ ఏడాది దాటితే ఆమెకు వయసు మీరిపోతుంది. కాబట్టి ఈ పరీక్షే ఆఖరిది.

పరీక్షకు ముందురోజు మద్దిలేటికి నా మీద ప్రేమ పుట్టింది. అక్కడే నా కొంప మునిగింది. నా పాత నూనె దించేసి, ట్రాక్టరు గేర్‌బాక్సులో పోసే నూనె తెచ్చి పోశాడు. ఆముదం కంటే చిక్కగా ఉంది.

"ట్రాలీ నిండా రాళ్ళేసినా లాగే నూనె మే ఇది. రేపు సూడు, ఏనుగు బలమొస్తాది దీనికి" అన్నాడు భార్యతో.

ఆమె నవ్వి మళ్ళీ లెక్కల పుస్తకంలో తల దూర్చింది. ట్రాక్టరు తోలేవాడికి చిక్కదనమే బలం. అతన్ని అనీ లాభం లేదు.

నా పొట్టలో క్లచ్ పలకలు దొంతరగా ఉంటాయి. చేతి దగ్గర లివరు నొక్కితే అవి విడిపోవాలి, వదిలితే కలుసుకోవాలి. పల్చటి నూనెలో అయితే చక్కగా విడిపోతాయి. ఈ జిగురులో నానిన పలకలు తెల్లారేసరికి విడవమంటే విడవమన్నాయి.

పరీక్ష డోన్‌లో, తొమ్మిదిన్నరకు. ఎనిమిదికి మద్దిలేటి కిక్కు కొట్టాడు. ఇంజను పలికింది. క్లచ్ నొక్కి గేరు వేశాడో లేదో, నేను ముందుకు ఒక్క గెంతు గెంతి ఆగిపోయాను. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ గెంతాను. నాలుగోసారికి నా ముందు చక్రం గోడకు తగిలింది. డోన్ బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.

"ఏమైందయ్యా దీనికి?"

"ఏంల్యా మే, సలికి పట్టుకుంది. నువ్వు ఎనక నుంచి దొబ్బు."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి తోసింది. నేను కదలగానే పరుగెత్తి ఎక్కింది. పరుగులో ఉన్నంతసేపూ నాకు ఏ లోపమూ లేదు. కానీ నాలుగు కిలోమీటర్లు వెళ్ళగానే రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. ఆగాం, ఇంజను చచ్చింది. క్లచ్ తీగ వదులైందనుకుని మద్దిలేటి స్పానరు తీసి బిగించాడు. చాలలేదని ఇంకా బిగించాడు. తప్పు తీగలో లేదయ్యా, నువ్వు పోసిన నూనెలో ఉంది! నాకు నోరుంటే గొంతు చించుకుని అరిచేదాన్ని. మూడోసారి బిగించి లివరు నొక్కగానే తీగ టప్పున తెగింది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే అదే.

సుంకులమ్మ తెగిన తీగను చూసింది, మొగుణ్ణి చూసింది. "నిన్న నువ్వు పోసిన నూనెతోనేనా ఇదంతా?"

మద్దిలేటి స్పానరు జేబులో పెట్టుకున్నాడు.

"సెప్పయ్యా!"

"నీ కోసరమే కద మే పోసింది" అన్నాడు.

ఆపమని చెయ్యెత్తితే ఒక లారీ ఆగకుండా పోయింది. ఇక క్లచ్ లేకుండానే బయలుదేరాం. ఆమె తోయడం, నేను కదలడం, ఆమె ఎగిరి కూర్చోవడం. డోన్‌లోకి వచ్చాక ఎద్దుల బండి దగ్గర ఒకసారి, సంతలో రెండుసార్లు ఆగిపోయాను. ఆగిన ప్రతిసారీ ఆమె దిగి తోసింది. జాకెట్టు చెమటకు తడిసింది, హాల్ టికెట్ ఎక్కడ జారిపోతుందోనని పళ్ళ మధ్య పట్టుకుంది. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. తొమ్మిదీ ఇరవైకి రైల్వే గేటు పడి ఉంది. సుంకులమ్మ చెప్పులు చేతబట్టుకుని, గేటు కిందనుంచి దూరి, పట్టాలు దాటి పరుగెత్తింది. వెనకే గూడ్సు బండి అడ్డం వచ్చింది. మేమిద్దరం ఇవతలే ఉండిపోయాం.

గేటు లేచాక మద్దిలేటి నన్ను తోసుకుంటూ పరుగెత్తాడు. పరీక్ష జరిగే బడి గేటుకు తాళం వేసి ఉంది. ఆమె బయట నిలబడి ఉంది.

"రెండు నిమిషాలు దాటిందమ్మా. నా సేతుల్లో ఏముంది?" అంటున్నాడు లోపలి వాచ్‌మన్, ఆమె ముఖంలోకి చూడకుండా.

ఆమె చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు నడిచింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మద్దిలేటి మర్నాడు నా పొట్ట విప్పాడు. ట్రాక్టరు నూనె చివరి చుక్కదాకా దించాడు. పలకలు ఒక్కొక్కటీ ఊడదీసి, కిరసనాయిల్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్దాడు. బండికి తగిన నూనె పోశాడు, కొత్త తీగ వేశాడు. ఇప్పుడు నా క్లచ్ వెన్నలాంటిది, చిన్నపిల్ల వేలితో నొక్కినా విడుస్తుంది. కానీ సుంకులమ్మకు ఇక రాయవలసిన పరీక్షే మిగల్లేదు.

కొత్త టీచరు వచ్చింది, ఇరవై రెండేళ్ళ పిల్ల. సుంకులమ్మ ఆమె దగ్గర ఆయాగానే ఉంది. పొద్దున్నే రెండు కిలోమీటర్లు నడిచి వెళుతుంది, నన్ను ఎక్కదు. మద్దిలేటి రోజూ పక్కనే ఆమె నడకతో సమంగా నన్ను నడుపుతాడు. అంత నెమ్మదిగా పోవాలంటే క్లచ్ సగం నొక్కి పట్టాలి. సగం క్లచ్ మీద అంతసేపు నడిపితే పలకలు మాడిపోతాయని డ్రైవరుకు తెలియదా? తెలుసు. అయినా నడుపుతాడు.

"ఎక్కు మే" అంటాడు దారిపొడవునా.

ఆమె ఎక్కదు. నా పలకలు మాడుతున్న వాసన నాకే తెలుస్తోంది. వదిలితే నేను ఆమెను దాటి ముందుకు పోతాను. మాడితే మాడనీ, అతను ఆ లివరు వదలకుండా ఉంటే చాలు.