నాలుగు మూలల నిమ్మకాయలు

నేల మీద చల్లటి నీళ్ళ గ్లాసు పెట్టకూడదన్న సంగతి స్వర్ణలతకు చెంపదెబ్బతో తెలిసింది. ఫినాయిల్ పనికిరాదన్న సంగతి బెల్టుతో తెలిసింది. పులుసు ఒలికితే రుద్దకూడదు, మెత్తటి గుడ్డతో అద్దాలన్న సంగతి తెలిసిన రోజున ఎడమచేతి చిటికెనవేలు విరిగింది. అదింకా వంకరగానే ఉంది. మిగతా ఆడవాళ్ళు ఇల్లు తుడవడం అమ్మ దగ్గర నేర్చుకుంటారు. ఈమె మొగుడి దగ్గర నేర్చుకుంది.

మొగుడు ఓంప్రకాశ్ ఇంటీరియర్ పనుల కాంట్రాక్టరు. నేరేడ్‌మెట్‌లో సొంతిల్లు కట్టుకుని హాలంతా మక్రానా పాలరాయి పరిపించాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాట్లు కొన్నవాళ్ళను వెంటబెట్టుకొచ్చి ఆ హాలే చూపించేవాడు. చెప్పులు బయట విడిపించి, లోపలికి తీసుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని రాయిని అరచేత్తో నిమిరేవాడు. "దీనికి పాణముంటది సార్. ఏది పోస్తే అది పీలుస్తది. పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకోవాలె," అనేవాడు. వచ్చినవాళ్ళు ఎంత మంచి మనిషో అనుకునేవాళ్ళు. టీ కప్పులు అందించే ఇల్లాలు మండుటెండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు ఎందుకు వేసుకుంటుందో వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. పదో తరగతి కాగానే కూతుర్ని హాస్టల్లో వేసింది స్వర్ణలతే. ఎందుకని ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు కనుక.

అందరూ అంటే ఇంకెవరు, ఓంప్రకాశ్ తల్లి అనసూయమ్మ. మెట్టుగూడలో షాబాదు బండల ఇంట్లో మొగుడి చేత తన్నులు తిని, అక్కడే కొడుకును పెంచి, ముసలితనంలో పాలరాయి మీదికి వచ్చిన మనిషి. లోపలి గదిలో దెబ్బల చప్పుడు షురూ అయితే టీవీలో భక్తి ఛానల్ సౌండు పెంచేది. "వానికి వాళ్ళ నాయిన కోపమొచ్చింది," అనేది, ముక్కు పోలిక గురించి చెప్పినంత తేలిగ్గా. చప్పుడు ఆగాక పసుపు వెచ్చజేసి కోడలి దగ్గరికి పోయేది. చెడ్డమనిషి కాదు. కోడలంటే ప్రాణం కూడాను. ఆ ప్రాణం కోసం కొడుక్కి అడ్డుపడే ధైర్యమే ఆమెకు ఎన్నడూ రాలేదు.

ఆ వారం నేలకు మళ్ళీ పాలిష్ పట్టించాడు ఓంప్రకాశ్. ఎవరో పెద్ద బిల్డరు హాలు చూడ్డానికి వస్తానన్నాడట. ఆయనకు నచ్చితే అపార్ట్‌మెంటు మొత్తం పని వీడిదే. మిషను పొద్దంతా గుయ్యిమని తిరిగింది, తెల్లటి బురద బకెట్లకొద్దీ బయటికి పోయింది, నేల మాత్రం ఫ్యాను రెక్కలు కూడా కనబడేంతగా తేలింది. ఎదురింటి ఝాన్సీలక్ష్మి భీమవరం వైపు మనిషి. గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది నేలేనాండీ అనసూయమ్మగారూ, తల దువ్వుకోవచ్చండి ఇందులో," అని బుగ్గలు నొక్కుకుంది. ఆమె వెనక గల్లీ ఆడవాళ్ళంతా తొంగిచూశారు.

అనసూయమ్మకు భయం పట్టుకుంది. ఇన్ని కళ్ళు పడ్డాక నేలకు ఏదో ఒకటి కాకుండా ఉంటుందా? నేలకు ఏమైనా అయితే లతకు అవుతుంది. ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్నది అదొక్కటే.

అందుకే అమావాస్య సాయంత్రం దిష్టి తీసింది. కొడుకు రాళ్ళ లోడు కోసం రాజస్థాన్ పోయి ఉన్నాడు, కోడలు కూరగాయలకని బజారు పోయింది. నిమ్మకాయలు కోసి, చెక్కలకు కుంకుమ అద్ది, హాలు చుట్టూ తిప్పి, నాలుగు మూలలా నాలుగు చెక్కలు పెట్టింది. సోఫా వెనక, టీవీ బల్ల పక్కన, పూజగది గుమ్మం దగ్గర, పూలకుండీ చాటున. బాగా పనిచేయాలని ఒక్కో మూల కాస్త పిండింది కూడా. నిమ్మకాయతో నేలకు చెరుపు జరుగుతుందని ఆమెకు కలలో కూడా తోచలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఇత్తడి చెంబులు తోమింది దానితోనే, బండలు కడిగింది దానితోనే. దండం పెట్టుకుని, నా కోడలి ఒంటి మీద చెయ్యి పడకుండా చూడు తల్లీ అని మొక్కి పడుకుంది.

తెల్లారి గుడ్డ పెడుతూ స్వర్ణలత సోఫా జరిపింది. జరిపి, అక్కడే కూలబడింది.

అనసూయమ్మ వచ్చి చూసింది. చెక్క తీసిన చోట ఎర్రటి మరక, చుట్టూ పిండిన రసం పారినంత మేర మెరుపు చచ్చి, సుద్దముక్కలా తెల్లగా పాలిపోయిన మచ్చ. చేత్తో తడిమితే గరగర తగిలింది. నాలుగు మూలలా అంతే.

"కడుగుదాం బిడ్డా. కడిగితే పోతది," అంది అనసూయమ్మ.

ఇద్దరూ కడిగారు. స్వర్ణలత తినే సోడా ముద్ద చేసి మచ్చల మీద పట్టించి, తడి గుడ్డ కప్పి, చాలాసేపు అలాగే ఉంచింది. కుంకుమ చాలామటుకు లేచి వచ్చింది. పాలిపోయిన మచ్చ మాత్రం ఉన్నచోటనే ఉంది.

"ఇది మరక కాదు అత్తమ్మ. పులుపు రాయిని తినేసింది. మళ్ళ మిషను పెడ్తెనే పోతది," అంది స్వర్ణలత. ఆమె గొంతులో ఏడుపు లేదు, దానికే అనసూయమ్మకు భయమేసింది. "ఆయన మధ్యాహ్నానికి వస్తడు. నేనే పెట్టిన అని చెప్త. మీరు మాట్లాడకుండ్రి. నాకు అలవాటే."

"నువ్వెందుకు చెప్తవు? నేను చేసింది నేను చెప్త. నన్నయితే కొట్టడు గద, తల్లిని," అంది అనసూయమ్మ. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. తనను కొట్టడు. ఇన్నేళ్ళూ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఒక్కసారి మధ్యలోకి పోలేదు. సిగ్గుతో ఆమె ముఖం మాడిపోయింది.

ఓంప్రకాశ్ వచ్చాడు. బ్యాగు కింద పెట్టకముందే వంగి, కిటికీ వెలుతురులో నేలను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసుకోవడం అతని అలవాటు. చూశాడు. పూజగది గుమ్మం దగ్గర చూపు ఆగింది. పోయి వేలితో తడిమాడు. సోఫా జరిపాడు, కుండీ జరిపాడు, ఒక్కో మచ్చ దగ్గరా కూర్చుని లేచాడు. చివరికి బెల్టు తీయకుండానే భార్య వైపు నడిచాడు, అంటే ఇవాళ బెల్టుతో సరిపెట్టడన్నమాట.

అనసూయమ్మ అడ్డం వచ్చింది. "నేను పెట్టిన బిడ్డా. దిష్టి తీసి నిమ్మచెక్కలు పెట్టిన. గిట్లయితదని నాకు తెల్వదు. లత అప్పుడు ఇంట్ల లేదు."

"నువ్వు జరుగమ్మ. దాన్ని కాపాడనీకి అబద్ధాలు చెప్పకు."

"అబద్ధం కాదురా. నీ మీదొట్టు."

"లోపలికి పోయి టీవీ చూసుకో పో," అన్నాడు ఓంప్రకాశ్.

ఆ మాట అనసూయమ్మకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. వీడికి తెలుసు. సౌండు ఎందుకు పెరిగేదో వీడికి మొదట్నుంచీ తెలుసు. తల్లి లోపలికి పోతుందన్న ధీమాతోనే ఇన్నేళ్ళూ చెయ్యెత్తాడు.

తేరుకునేలోపు అతను ఆమెను పక్కకు తోసి స్వర్ణలత జుట్టు పట్టుకున్నాడు. ఈడ్చుకుపోయి మచ్చ మీదికి ఆమె ముఖం వంచాడు. "ఏందే ఇది? రేపు బిల్డరొస్తే ఏం చూపియ్యాలె? నీ ముఖం చూపియ్యాల్నా?" అంటూ వీపు మీద మోచేత్తో గుద్దాడు. ఆమె ఊపిరి ఎగిరిపోయినట్టు నోరు తెరిచింది, అరుపు రాలేదు.

అనసూయమ్మ వంటింట్లోకి ఉరికింది. బుట్టలో మిగిలిన నిమ్మకాయ తీసి, కత్తికోసం వెతకలేక పంటితోనే చీల్చుకుని, హాలు నడిమధ్యకొచ్చి, నేల నిగనిగలాడేచోట చేతనైనంత గట్టిగా పిండింది. "చూడురా. ఇప్పుడెవరు పోసిన్రు? ఇది సుత ఆమెనే పోసిందా? చూడు."

ఓంప్రకాశ్ చూశాడు. రసం పడినచోట చిన్నగా పొంగి, మెరుపు వాళ్ళ కళ్ళముందే మాసిపోయింది. తల ఎత్తి తల్లిని చూశాడు. అతనికి అర్థమైంది. అర్థమైందని తల్లికీ తెలిసింది, ఆ కళ్ళను పాలిచ్చి పెంచింది ఆమె. ఇక వదిలేస్తాడనుకుంది.

వదల్లేదు. వెనక్కి తిరిగి స్వర్ణలతను డొక్కలో తన్నాడు. "నీ వల్లనే గదనే మా అమ్మకు పిచ్చి లేసింది," అని ఇంకోసారి తన్నాడు. ఆమె ముడుచుకుపోతే జుట్టు పట్టి లేపి, తల నేలకేసి కొట్టాడు. పెళ్ళుమని చప్పుడైంది. కనుబొమ్మ చిట్లి రక్తం తెల్లరాయి మీద వేగంగా పాకింది.

అప్పుడు ఆగాడు. అమ్మయ్య, రక్తం చూసి బుద్ధొచ్చింది అనుకుంది అనసూయమ్మ. ఓంప్రకాశ్ సోఫా చేతి మీదున్న మెత్తటి గుడ్డ అందుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్వర్ణలత తలను మోకాలితో పక్కకు నెట్టి, నేల మీది రక్తాన్ని అద్దడం మొదలుపెట్టాడు. రుద్దలేదు. గుడ్డ మడత మార్చి, మళ్ళీ అద్దాడు. రాయి పీల్చకముందే తీయాలి గదా. ఎంత ఓపికగా, ఎంత ప్రేమగా అద్దాడంటే, అలాంటి చెయ్యి ఆ ఆడమనిషి మీద పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారి కూడా పడి ఉండదు.

నిమ్మకాయ కాదు. దిష్టి కాదు. కోపం కూడా కాదు, కోపంలో ఉన్నవాడి చెయ్యి అంత నెమ్మదిగా ఆడదు. నేల ఎంత శుభ్రంగా ఉన్నా వీడు కొడతాడు, రేపు బిల్డరుకు నచ్చినా కొడతాడు, ఏదో ఒకరోజు చంపుతాడు. ఆ రోజు ఇదే కావచ్చు. అనసూయమ్మ కాళ్ళు మళ్ళీ వంటింట్లోకి పోయాయి. గట్టు మీద చపాతీ పీట ఉంది, హాల్లో పరవగా మిగిలిన రాతిముక్కతో చేయించినది. రెండు చేతులతో ఎత్తితే గానీ లేవదు. ఎత్తింది.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఓంప్రకాశ్ ఏమిటో అర్థం కాక తిరిగి చూశాడు, గుడ్డ పట్టుకున్న చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రెండో దెబ్బ ఆ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అనసూయమ్మకు స్పష్టంగా వినబడింది. మూడో దెబ్బ మోకాలి మీద. పీట చేతుల్లోంచి జారి నేల మీద పడి, నేలా పగిలింది, పీటా పగిలింది.

"అమ్మా," అని అరిచాడు ఓంప్రకాశ్. చిన్నప్పుడు జ్వరంలో పిలిచిన గొంతే. తల్లి ప్రాణం కదా, ఒక అడుగు అతని వైపు వేసింది కూడా. పక్కనుంచి స్వర్ణలత ఊపిరి గురగురమని వినబడింది. అనసూయమ్మ ఆ అడుగు వెనక్కి తీసుకుంది. కోడలి చంకల కింద చేతులు వేసి లేపి, తన కొంగు చింపి ఆమె నుదుటికి గట్టిగా చుట్టి, గుమ్మం దాటించింది. వెనక నుంచి "అమ్మా, నొప్పి అమ్మా," అంటున్నాడు. బయటి నుంచి తలుపు గడియ పెట్టింది. ఎదురింటి గుమ్మంలో ఝాన్సీలక్ష్మి నోరు తెరుచుకుని నిలబడి ఉంటే, "ఆటోను పిలువు ముందు," అంది.

సర్కారు దవాఖానలో డ్యూటీ డాక్టరు జెరూషా అనే అమ్మాయి. కుట్లు వేసి, డొక్కలు నొక్కిచూసి, ఎక్స్‌రేకు రాసి, "ఎలా తగిలిందమ్మా?" అని స్వర్ణలతను అడిగింది.

స్వర్ణలత అత్త వైపు చూసింది. ఇలాంటి దవాఖాన బల్లల దగ్గర జవాబు ఎప్పుడూ అత్తే చెప్పేది. మెట్ల మీద జారిందనీ, తలుపు తగిలిందనీ, బి.పి.తో కళ్ళు తిరిగాయనీ.

"నా కొడుకు కొట్టిండు. పేరు ఓంప్రకాశ్. రాయి బిడ్డా," అంది అనసూయమ్మ. "వానికి సుత చెయ్యి ఇరిగింది. అది నేను ఇరగ్గొట్టిన. ఇంట్ల పెట్టి గడియేసి వచ్చిన. అది సుత రాయి."

డాక్టరు పెన్ను ఆపి చూసింది. "పోలీసులకు చెప్పాల్సి ఉంటుందమ్మా. ఇద్దరి గురించీ. తెలుసా?"

"చెప్పు."

డాక్టరు స్వర్ణలత వైపు తిరిగింది. "ఇదే మొదటిసారా?"

స్వర్ణలత జాకెట్టు చెయ్యి పైకి మడిచి, మెల్లగా, ఏది ఎప్పుడు తగిలిందో చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ ఎవరూ అడగక లోపల పేరుకుపోయినదంతా వరసగా వచ్చింది.

"ఇవన్నీ జరిగినప్పుడు ఇంట్లో ఇంకెవరైనా ఉండేవాళ్ళా? సాక్ష్యం కావాలి," అంది డాక్టరు.

స్వర్ణలత తల వంచుకుంది.

"నేనుంటుండె," అంది అనసూయమ్మ. "పక్క గదిలనే. ప్రతిసారి ఉన్న. రాయి."