మింగేసిన తేన్పు

హిందూపురంలో బెల్లం మండీ వెనక వీధిలో ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి అందులో వెయ్యాలి. బియ్యం లేని పూట రాగులో కొర్రలో వేసేవాళ్ళు. నెలాఖరుకు ఆ కుండ ధర్మానికి ఇచ్చెయ్యాలి. అత్తలు కోడళ్ళకు నేర్పిన పద్ధతి అది, ఎవరూ ఎగ్గొట్టేవాళ్ళు కాదు. కుండ నింపడం సులువే. ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే చిక్కు వచ్చేది.

ఊరు పెరిగిపోతున్న రోజులవి. స్టేషను అవతల కొత్త పేటలు లేచాయి, మిల్లు వచ్చింది, జనంతో పాటు సేవాసంఘాలూ దిగాయి. ఒక రసీదు పుస్తకం, ఒక రబ్బరు ముద్ర ఉంటే చాలు, ప్రతివాడూ అనాథల పేరు చెప్పి మెట్లెక్కేవాడు. వీళ్ళలో నిజంగా అన్నం పెట్టేదెవరో తెలుసుకోవడానికి ఆ వీధికి లక్ష్మీదేవమ్మ తేన్పు ఉండేది.

ఆవిడ మండీ వ్యాపారి ఈశ్వరప్ప భార్య. ఆవిడ చేతి బియ్యం ఆకలిగొన్న మనిషి కడుపులో పడితే, ఇక్కడ ఇంట్లో ఆవిడకు తేన్పు వచ్చేది. పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చున్నా సరే, పెళ్ళి భోజనం చేసినంత నిండుగా వచ్చేది. కాపురానికొచ్చిన మూడో ఏడు మొదలైంది. కొందరి చేత్తో తోడు పెడితే పెరుగు గట్టిగా పేరుకుంటుంది, ఈవిడకు ఇది అబ్బింది అనుకున్నారు. అంతకు మించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు.

కొత్త సంఘం ఏది వచ్చినా ముందు లక్ష్మీదేవమ్మ కుండ ఒక్కటే ఇచ్చేవాళ్ళు. మర్నాడు ఆవిడ పొద్దున్నుంచి పస్తు. మధ్యాహ్నానికి ఆడవాళ్ళందరూ ఆవిడ అరుగు మీద చేరి, చింతపండు గింజలు తీస్తూ చెవులు అటే వేసి ఉంచేవాళ్ళు. తేన్పు వినబడితే వీధి కుండలన్నీ ఆ సంఘానికే. కదిరి నుంచి సత్రం పేరు చెప్పుకుని వచ్చిన ఒక పెద్దమనిషి సాయంత్రం దాకా కూర్చుని, తేన్పు రాకపోయేసరికి గొడుగు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

దాంతో ఆవిడ మాటకు విలువ పెరిగింది. పేరంటాల్లో మొదటి బొట్టు ఆవిడకే పెట్టేవాళ్ళు. ఆ మొదటి బొట్టు ఆవిడకు మహా ఇష్టంగా ఉండేది. అదే ఆవిడ కొంప ముంచింది.

అరవై అయిదులో వానలు మొహం చాటేశాయి. అగళి వైపు, పెనుకొండ వైపు పల్లెల జనం మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చి స్టేషను చుట్టూ పడ్డారు. ఆ శ్రావణంలో లక్ష్మీదేవమ్మ దగ్గరికి ఇద్దరు వచ్చారు.

మొదట వచ్చింది ఇస్సాకు. రైల్వేలో గ్యాంగుమన్‌గా చేసి దిగిపోయినవాడు. గూడ్సుషెడ్డు అవతల రేకుల పంచలో గంగాళం పెట్టి, భార్యా తనూ కలిసి వచ్చినవాళ్ళకు గంజి పోస్తున్నాడు. మెట్టు ఎక్కకుండా కిందే నిలబడ్డాడు.

"నలభై మంది ఉండారమ్మా. నా దగ్గర ఉండేదంతా అయిపాయ. మీ వీధి కుండలు ఇప్పిస్తే ఈ కరువు దాటిస్తా."

లక్ష్మీదేవమ్మ తన కుండ అతని సంచిలో ఒంపింది. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, పక్కింటి నాగేంద్రమ్మ అందుకుంది.

"దేవుని పేరు చెప్పి తీసిన బియ్యమక్కా అవి. వాని గంగాళంలో యా కులమోళ్ళు చెయ్యి పెడతారో ఏమో! రేపు నీకు తేన్పు గాని వచ్చిందంటే వీధి కుండలన్నీ ఆడికే పోవల్ల. మా అత్త నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

అందరూ నవ్వారు. లక్ష్మీదేవమ్మా నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం తేన్పు వచ్చింది. అంత పెద్దది ఆవిడకు ఎన్నడూ రాలేదు. పొట్ట అడుగు నుంచి గొంతు దాకా వచ్చేసింది. అరుగు మీద పన్నెండు మంది ఉన్నారు. పేరంటంలో తనను దాటిపోతున్న కుంకుమ భరిణె ఆవిడ కళ్ళముందు కదిలింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మింగేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వచ్చిందా అక్కా?" అంది నాగేంద్రమ్మ.

"లేదు."

వారం తిరక్కుండా రెండోవాడు జీపులో వచ్చాడు. హనుమంతరాయుడు, నిత్యాన్న సేవాసంఘం అధ్యక్షుడు. సభ పెట్టి, లక్ష్మీదేవమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ధర్మవరం పట్టుచీర చేతిలో పెట్టాడు. ఆవిడ కుండ పట్టుకెళ్ళాడు. మర్నాడు ఆవిడ ఆ చీర కట్టుకునే పస్తు కూర్చుంది. పొద్దు నడినెత్తి దాటింది, అరుగు మీది నీడ వీధిలోకి సాగింది. తేన్పు జాడ లేదు. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు, చీర అంచూ చూస్తున్నారు. లక్ష్మీదేవమ్మ గుటకలు గుటకలుగా గాలి మింగి, గట్టిగా తేన్చింది.

"అబ్బ, చల్లని మాట!" అని లేచారందరూ. నెలాఖరున వీధి కుండలన్నీ జీపెక్కాయి.

ఆ రోజునుంచి ఆవిడ రొమ్ముల మధ్య ఏదో అడ్డం పడినట్టే ఉండేది. ముద్ద దిగేది కాదు. ఈశ్వరప్ప జీలకర్ర కషాయం పెట్టించాడు, వాముగుండ తెచ్చాడు. మందులకు పోయేది కాదని ఆవిడకు తెలుసు. ఎవరైనా "ధర్మాత్మురాలివమ్మా" అంటే చెంప మీద కొట్టినట్టుండేది. స్టేషను వైపు వెళ్ళే దారే మానుకుంది.

రెండో నెల కుండలు ఆవిడ పంచలో సంచులకెత్తి ఉన్నాయి, జీపు సాయంత్రానికి వస్తుంది. పెనుకొండ సంతకు వెళ్ళి రాత్రి అక్కడే ఉండిపోయిన ఈశ్వరప్ప పొద్దున్నే ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అన్నాడు.

"ఏమే, మీ పిడికెడు బియ్యం ఆడ అంగట్లో అమ్ముతాండారు."

"మావేనని ఎట్ల తెలుసు?"

"సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రాగులు, కొర్రలు అన్నీ కలిసిన సంచి లోకంలో ఇంగెవురింట్లో ఉంటాదే? సంఘమోళ్ళే వేసినారంట."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. మండీ నుంచి ఒంటెద్దు బండి పిలిపించి, సంచులన్నీ వేయించుకుని, తానూ ఎక్కి గూడ్సుషెడ్డుకు తోలించింది.

గంగాళం బోర్లించి ఉంది. నెలకు పైగా దానికింద మంట లేదు. పంచ ముందు ఒక లారీ నిలబడి ఉంది, కాఫీ తోటలకు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ అందరినీ ఎక్కిస్తున్నాడు. నిండు నెలల మనిషి ఒకతె చక్రం మీద కాలు పెట్టి, ఎక్కలేక ఆయాసపడుతోంది. ఘాటు రోడ్డు మీద రెండు రోజుల ప్రయాణం. ఆ మనిషి బతికి చేరదని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

"దించప్పా ఆ మనిషిని," అని అరిచింది లక్ష్మీదేవమ్మ బండి దిగుతూనే. "బియ్యం వచ్చినాయి. ఉండేవాళ్ళు ఉండండి."

మేస్త్రీ గొణిగాడు గానీ, గర్భిణీ మనిషి కాలు కిందికి దించేసింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ ఒక్కొక్కరే దిగారు. ఆమె పేరు చౌడక్క అని ఇస్సాకు చెప్పాడు. లక్ష్మీదేవమ్మ అతని మొహంలోకి చూడలేక గంగాళం వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ పొద్దు తేన్పు వచ్చిందప్పా. నేనే మింగేస్తి."

"తెలుసమ్మా," అన్నాడు ఇస్సాకు. "ఆ పొద్దు మీ బియ్యంతో అందురూ కడుపునిండా తాగిరి. మీకు రాకుండా ఎట్లుంటాది?"

"మళ్ళా వచ్చి అడగకపోతివే!"

"మీ వాకిట్లో నిలబడి, మీరు అబద్ధం చెప్తిరని ఎట్ల అనేదమ్మా?"

అతను తిట్టి ఉంటే బాగుండునని ఆవిడకు అనిపించింది. అతను గంగాళం తిప్పి కడగడానికి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి ఆవిడ వీధి మొదట్లో బండి దిగేసరికి ఇళ్ళల్లోంచి తేన్పులు వినబడుతున్నాయి. ముందు మూలింట్లో, తర్వాత ఎదురింట్లో, ఆ తర్వాత వరసగా. పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూనే ఉంది, ఆడవాళ్ళందరూ తేన్చుతూ బయటికొస్తున్నారు. మంచాన పడి ఉన్న నాగేంద్రమ్మ అత్తకు కూడా వచ్చింది. ఏడాదిగా లేవని ఆవిడ లేచి కూర్చుంది.

"అక్కా, మాకూ వచ్చినాయి!" నాగేంద్రమ్మ ఎదురు పరుగెత్తుకొచ్చింది. "జీపు ముందే వచ్చిపాయనేమో, సంఘమోళ్ళు ఈ పొద్దు ఎంతమందికి పెట్టినారో! అంతా నీ పుణ్యమే."

అవునంటే చాలు, అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. బొట్టు, కుర్చీ, మాట విలువ, ఏదీ పోదు. లక్ష్మీదేవమ్మ నడివీధిలో నిలబడి అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"సంఘం కాదు. కుండలన్నీ ఇస్సాకు గంగాళంలో పోయించి వస్తాండా. మొదట గూడా ఆయప్పకే తేన్పు వచ్చింది, మీరు నవ్వుతారని మింగేస్తి. సంఘానికి రానే లేదు. పట్టుచీర కట్టుకోని గాలి మింగి తేన్చినా."

నాగేంద్రమ్మ ఏదో గట్టిగా అనబోయి నోరు తెరిచింది. నోట్లోంచి నిండు తేన్పు ఒకటి వచ్చింది. మొహం ఎర్రబడి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వీధికి లక్ష్మీదేవమ్మ అవసరం లేకపోయింది. ఎవరి కుండ సంగతి వాళ్ళ కడుపే చెప్పేది. కుండలు ఇస్సాకు పంచకు వెళ్ళాయి, కొన్ని చెప్పి, కొన్ని కొంగుచాటున. అరుగు మీదికి ఎవరూ రాలేదు. పేరంటాల్లో బొట్టు ఆవిడ దాకా వచ్చేసరికి భరిణె అడుగంటేది. ఆవిడకు మాత్రం మళ్ళీ తేన్పు రాలేదు. రోజూ పంచకు వెళ్ళి గంజి కలిపేది, ఇంటికొచ్చి ఆకలేసి తినేది.

కార్తీకంలో చౌడక్క ఆ పంచలోనే ఆడపిల్లను కన్నది. మూడో రోజు బిడ్డను తెచ్చి లక్ష్మీదేవమ్మ ఒళ్ళో పెట్టింది.

"మీ పేరే పెడతానమ్మా. ఆ పొద్దు మీరు రాకుంటే ఇద్దురమూ దారిలోనే పొయ్యుంటిమి."

"నా పేరొద్దు చౌడక్కా," అంది లక్ష్మీదేవమ్మ. జరిగినదంతా చెప్పింది, ఏదీ తగ్గించకుండా.

చౌడక్క నేల చూస్తూ వింది.

"ఆ నెల గంజి ఆగిపాయ కదమ్మా, అప్పుడే నా మొగుడు ముందు లారీలో తోటలకు పాయ. ఇంతవరకు ఒక జాబు గూడా లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. బిడ్డను మాత్రం ఆవిడ ఒళ్ళోంచి మెల్లగా తీసుకుంది.

లక్ష్మీదేవమ్మ ఒడి ఖాళీ అయింది. తలెత్తలేకపోయింది. "మీ ఆయప్ప పేరేమి?" అని అడిగింది.

"పోతులయ్య."

మర్నాడు తెల్లవారకముందే లక్ష్మీదేవమ్మ బస్టాండులో నిలబడి, తోటల దాకా పోవాలంటే ఎన్ని బస్సులు మారాలని కనబడినవాళ్ళనల్లా అడుగుతోంది.