వెనక్కి తిరిగిన కుర్చీ

పిల్లల కేంద్రంలో ఆయమ్మ పాలసీసాలో బ్రష్షు పెట్టి గిరగిరా తిప్పుతుండగా గేటు దగ్గర హారన్ మోగింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్ళేసరికి గువ్వ వాళ్ళమ్మ కారు వెనక తలుపులోంచి సగం లోపలికి దూరి దేనితోనో కుస్తీ పడుతోంది. గువ్వ మెట్టు మీద కూర్చుని బూటు తాడు నములుతోంది. ఏడాది దాటి కొన్ని నెలలైన పిల్ల. నిద్రలో గువ్వపిట్టలా ఉబ్బి ముడుచుకుంటుందని ఆయమ్మే ఆ పేరు పెట్టింది.

పిల్లను చంకనేసుకుని ఆయమ్మ నిలబడింది. చివరికి ఆవిడ పెద్ద ప్లాస్టిక్ కుర్చీ ఒకటి రెండు చేతులా ఎత్తుకుని బయటికొచ్చింది. రోజూ కారులో పిల్లను కట్టి కూర్చోబెట్టే కుర్చీ అదే. దాన్ని తెచ్చి వరండాలో పెట్టింది.

"సాయంత్రం వాళ్ళ నాన్న వస్తారు ఆయమ్మా. ఇది ఆయన కారులో పెట్టించు. వెనక సీట్లోనే. పాప మొహం వెనక్కి ఉండాలి. మర్చిపోకేం."

"మొహం వెనక్కా? మరి బిడ్డకి దారి ఎట్లా కనబడుద్దమ్మా?"

"దారి తర్వాత చూస్తుందిలే."

ఆవిడ పిల్లను ముద్దుపెట్టుకుని కారు దాకా వెళ్ళింది. మళ్ళీ వచ్చి ముద్దుపెట్టుకుంది. ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెళ్ళిపోయింది. రోజూ లేని ముద్దులేమిటో ఆయమ్మకు అర్థం కాలేదు. పిల్లకు జ్వరమేమోనని నుదురు తడిమి చూసింది. చల్లగానే ఉంది.

ఆయమ్మ పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి పిల్లల్ని ఎడమ చంకనే ఎత్తడంతో నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది. ఖాళీ చేతులతో నడిచినా ఎవర్నో మోస్తున్నట్టే ఉంటుంది. ఎవరి పిల్లాడు ఏ వైపు తిరిగి పడుకుంటాడో, ఎవరికి ఎప్పుడు మొదటి పన్ను వచ్చిందో అన్నీ నోటికొచ్చు. తన ఇద్దరు కూతుళ్ళకు పళ్ళు ఎప్పుడొచ్చాయో మాత్రం తెలియదు. వాళ్ళు అత్తగారి చేతుల్లో పెరిగారు. ఈవిడ పనికి బయల్దేరే వేళకు నిద్రలో ఉండేవాళ్ళు, తిరిగొచ్చే వేళకు అత్తగారి కొంగు పట్టుకుని ఈవిడ వంక కొత్త మనిషిని చూసినట్టు చూసేవాళ్ళు.

మధ్యాహ్నం పిల్లలంతా పడుకున్నాక కుర్చీ ముందు చతికిలబడింది. ఎన్ని పట్టీలో! ఒకటి లాగితే ఇంకొకటి లోపలికి పోతోంది. ఎర్ర మీట నొక్కితే టక్కున ఊడింది, మళ్ళీ పెడితే పట్టదు.

"మేడమ్, ఇది ముందుకా, వెనక్కా?"

పిల్లల కేంద్రం నడిపే మేడమ్ ఫోన్లోంచి తలెత్తింది. "ఏడాది దాటాక ముందుకు తిప్పుతారనుకుంటా. మా అన్నయ్యవాళ్ళు అంతే చేశారు. అయినా వాళ్ళ పిల్ల, వాళ్ళ కారు. మనకెందుకు?"

పాలు దించడానికొచ్చిన వ్యాను డ్రైవర్ని అడిగింది. "కుర్చీ ఎందుకమ్మా దండగ! మావాణ్ణి ఒళ్ళో పెట్టుకునే తిప్పాను," అన్నాడతను. నెత్తిన చెయ్యి పెట్టుకుంది ఆయమ్మ. గువ్వ వాళ్ళమ్మ, మేడమ్, ఇతను, ముగ్గురూ పిల్లలున్నవాళ్ళే. ముగ్గురూ తలో మాట అన్నారు.

సాయంత్రం గువ్వ వాళ్ళ నాన్న వచ్చాడు. భార్యాభర్తలు వేరుగా ఉంటున్నారని మేడమ్ ఒకసారి నోరుజారింది గానీ, ఆయమ్మ అతన్ని దగ్గరగా చూడ్డం ఇదే మొదలు. పొడుగ్గా, చొక్కా వెనకంతా నలిగిపోయి ఉన్నాడు. కుర్చీ తీసుకెళ్ళి ముందు సీట్లో పెట్టాడు.

"వెనక పెట్టమన్నారు బాబూ అమ్మగారు."

"వెనక పెడితే నాకు కనపడదు కదా. ఏడిస్తే?"

ఆయమ్మ పిల్లను ఇంకాస్త దగ్గరికి అదుముకుంది. అతను విసుగ్గా కుర్చీని వెనక్కి మార్చాడు గానీ ముందుకు తిప్పి పెట్టాడు. బెల్టు దేంట్లోంచో దూర్చి ఇంకెక్కడో బిగించాడు. ఆయమ్మ వంగి వేలితో తోసింది. కుర్చీ ఊడబోయే పాలపన్నులా కదిలింది.

"పాపనివ్వండి, పొద్దుపోతోంది."

"నాకేం తెలీదు బాబూ. ఏది రైటో నిజంగా తెలీదు. కానీ అది కదులుతోంది. బిడ్డనివ్వలేను."

తన గొంతు అంత గట్టిగా రావడం ఆమెకే వింతగా అనిపించింది. ఫోన్ తీసి గువ్వ వాళ్ళమ్మకు కలిపి, స్పీకర్ పెట్టి కారు కప్పు మీద ఉంచింది.

"చెప్పు ఆయమ్మా."

అతను గొంతు సవరించుకున్నాడు. "నేను."

ఆయమ్మ ఫోన్‌ని అతని వైపు జరిపింది.

"పెట్టావా?"

"పెట్టాను. కదులుతోందంటోంది ఈవిడ."

"ఎటు పెట్టావు?"

"ముందుకి."

"వెనక్కి తిప్పు. బండి గట్టిగా ఆగితే తల ముందుకు విసిరినట్టు పోతుంది. దాని మెడ ఇంకా లేత. వెనక్కుంటే తలనీ వీపునీ కుర్చీయే ఆపుతుంది."

"కాళ్ళు ముడుచుకోవాలి కదే!"

"ముడుచుకోనీ. దానికలవాటే. నీలం గీత ఉన్న సందులోంచి బెల్టు దూర్చు. మోకాలు ఆనించి నీ బరువంతా వెయ్. ఇప్పుడు లాగు."

అతను లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆయమ్మ మళ్ళీ తోసి చూసింది. కుర్చీ కదల్లేదు.

"కదలట్లేదమ్మా!" అని ఫోన్ వైపు అరిచింది.

"స్వెట్టరు తీసేసి కూర్చోబెట్టండి. ఉంటే పట్టీ వదులైపోతుంది." ఆయమ్మ స్వెట్టరు విప్పి పిల్లను కూర్చోబెడితే అతను పట్టీలు పెట్టాడు. "భుజం దగ్గర పట్టీని వేళ్ళతో పట్టి చూడు. మడత వస్తోందా?"

"వస్తోంది. బిగిద్దామంటే చోటు చాలట్లేదు."

"తల వెనక చిన్న దిండుంటుంది, తీసెయ్. అది పసిగుడ్డప్పటిది. ఇప్పుడు పెద్దదైంది కదా..."

అతను దిండు తీసి, వెనక్కి చూడకుండానే ఆయమ్మ చేతికిచ్చాడు. పట్టీ బిగించాడు. మడత రాలేదు.

"సరిపోయింది," అన్నాడు నెమ్మదిగా.

"మెల్లగా వెళ్ళు."

"ఊఁ."

కారు కదిలింది. వెనక అద్దంలో గువ్వ చెయ్యి కాసేపు ఊగి, మలుపులో కనపడకుండా పోయింది.

ఆయమ్మ ఉత్సాహంగా లోపలికొచ్చి చీపురందుకుంది. "మేడమ్, వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు! మంచిగానే. ఇట్లా నాలుగు మాటలు పడితే కలిసిపోతారేమో."

మేడమ్ ఆమెవంక చూసింది. "నీకు చెప్పలేదా? పాప ఇక రాదు. వాళ్ళమ్మకి వేరే ఊళ్ళో ఏడాది ట్రైనింగు. అక్కడి హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరట. అందుకే తండ్రి తన ఊరికి తీసుకెళ్ళాడు, వాళ్ళ నాయనమ్మ పెంచుతుంది."

"సాయంత్రం నాన్న వస్తారని మాత్రమే అంది కదా..."

"కన్నతల్లి తన నోటితో ఇంకెలా చెబుతుంది?"

ఆయమ్మ చీపురు పట్టుకునే నిలబడిపోయింది. గువ్వ తాగే పాలు, పడుకునే వైపు, భయపడే చప్పుళ్ళు, అతనికి ఏవీ చెప్పలేదు. ఏడాదయ్యాక పిల్ల తల్లిని గుర్తుపడుతుందా? పట్టదని ఎవరన్నారు? పడుతుందని మాత్రం ఎవరన్నారు? ఆవిడకు ఫోన్ చేద్దామనుకుంది. తీసిన ఫోన్‌ని మళ్ళీ రొంటిన దోపుకుంది.

చీకటి పడబోతుంటే ఇంటికి బయల్దేరింది. అప్పుడు గానీ చంకలో ఇరికించుకున్న దిండు సంగతి తెలియలేదు. ఇది తల్లికివ్వాలా, తండ్రికివ్వాలా? ఇద్దరికీ ఇక దీంతో పని లేదు కదా. అటూ ఇటూ చూసి, వరండాలో బల్ల మీద పెట్టి, గేటు వేసి వెళ్ళిపోయింది.

ఉతికి ఉతికి వెలిసిన అరచేతి పాటి దిండు. మధ్యలో చిన్న గుంట, ఆ గుంటలో అంటుకుని సన్నటి వెంట్రుక ఒకటి.