శ్రీపాదరావు మెదడూ మఠం బావి నీళ్ళూ

ఆదోనిలో మఠం వీధికి వెళ్ళి ఎవరినడిగినా శ్రీపాదరావు మాస్టరు ఇల్లు చూపిస్తారు. ఆయన బడిలో సైన్సు బాగా చెప్తాడు, ఆ మాట నేను కాదనను. కానీ ఆ ఇల్లు గుర్తుండేది అందుకు కాదు. వీధి వైపు కిటికీ దగ్గర పడక కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, ఆయన అలా ఆలోచిస్తూ ఉండేవాడు. బడి లేని వేళల్లో ఆయన పని అదొక్కటే. దేని గురించి ఆలోచించేవాడో ఆ మంత్రాలయం స్వామికే తెలియాలి. భార్య పద్మాబాయి వచ్చి బియ్యం నిండుకున్నాయనో, దూడ తాడు తెంపుకుందనో చెప్పబోతే కళ్ళు తెరవకుండానే, "ఆలోచిస్తాండాను, మాట్లాడించొద్దు" అనేవాడు. ఆమె బియ్యం తెచ్చుకునేది, దూడనూ పట్టుకునేది.

ఈ జబ్బు ఆయనకు పంతొమ్మిది వందల ఎనభైలో, గ్రంథాలయంలో పట్టుకుంది. ఒక విజ్ఞాన మాసపత్రికలో పెట్ స్కాన్ అనే యంత్రం గురించి చదివాడు. మనిషిని పడుకోబెట్టి, తలను ఒక పెద్ద కడియం లాంటి దాంట్లో పెట్టి, రేడియోధార్మిక ఆక్సిజన్ కాస్త పీల్పిస్తారట. మెదడులో ఏ మూలకు ఎంత రక్తం పోతోందో, అక్కడ ఎంత ఆక్సిజన్ ఖర్చవుతోందో ఆ యంత్రం కొలిచి బొమ్మ గీసి చూపిస్తుందట. ఒంటి బరువులో యాభయ్యో వంతు ఉండే మెదడు, మనం పీల్చే ఆక్సిజన్‌లో ఐదో వంతు తినేస్తుందట. పత్రిక చెప్పింది అంతవరకే.

మిగతాది శ్రీపాదరావు కలిపాడు. మామూలు మెదడే ఇంత తింటే ఆలోచించే మెదడు ఇంకెంత తినాలి? అలాంటి మనిషి చేత బరువులు మోయిస్తే రక్తమంతా చేతుల్లోకి దిగిపోయి మెదడు పస్తు పడుకోదూ? ఈ సిద్ధాంతాన్ని ఆయన బడిలో చెప్పాడు, పెళ్ళి పంక్తిలో చెప్పాడు, మంత్రాలయం బస్సులో పక్క సీటు వాడికీ చెప్పాడు. జన్మలో సైన్సు ఒంటబట్టని మగవాళ్ళకు కూడా ఇది చెప్పీ చెప్పకముందే అర్థమైపోయింది. ఎదురింటి మధుసూదనరావు తాలూకాఫీసులో గుమాస్తా. ఆయనైతే మర్నాటి నుంచే కూరల సంచి పట్టుకోవడం మానేశాడు. మెదడుకు రక్తం చాలడం లేదని భార్య కమలాబాయికి తెగేసి చెప్పాడు.

ఇక నీళ్ళ సంగతి. ఆ వీధి ఇళ్ళలో వంటకూ పూజకూ మడి నీళ్ళే కావాలి. కుళాయిలో తోలు వాషరుంటుంది, తోలు తగిలితే మడి పోతుంది కాబట్టి ఆ నీళ్ళు స్నానానికీ బట్టలకూ తప్ప పనికిరావు. తెల్లవారగానే స్నానం చేసి, తడి బట్టతో మఠం బావికి పోయి, చేదుకుని, దారిలో ఎవరినీ తాకకుండా తేవాలి. మడిలో లేని వాళ్ళు తగిలితే, సొంత మనవడైనా సరే, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. కూలికి మనిషిని పెట్టుకుందామంటే కుదిరే పని కాదు. కూతుళ్ళు పెళ్ళిళ్ళై బళ్ళారికీ రాయచూరికీ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో నీళ్ళు మోసేందుకు పద్మాబాయి ఉంది, మోయకుండా ఉండేందుకు శ్రీపాదరావు ఉన్నాడు.

ఎనభై ఏడు శ్రావణంలో ఆమె బావి గట్టు మీద జారి పడింది. నడుము పట్టేసింది. మళ్ళీ బిందె ఎత్తితే మంచాన పడతావు తల్లీ అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. కొన్నాళ్ళు కమలాబాయి తన బిందెతో పాటు ఇంకొకటి తెచ్చి పెట్టింది. ఆమె మాత్రం ఎన్నాళ్ళు తెస్తుంది? ఆమె ఇంట్లోనూ ఒక ఆలోచనాపరుడున్నాడాయె. దాంతో పద్మాబాయి సగం బిందెతో మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె గోడ పట్టుకుని నడిచే చప్పుడు శ్రీపాదరావుకు కుర్చీలోకి వినిపించేది. వినిపించినప్పుడల్లా ఆయనకు బాధ కలిగేది, అది నిజం. కానీ ఆ బాధ గురించి కూడా ఆయన కూర్చునే ఆలోచించేవాడు.

ఆ రోజుల్లోనే ఎమ్మిగనూరు నుంచి కబురొచ్చింది. పద్మాబాయి పినతల్లి కొడుకు చక్రపాణి బెంగళూరులో డాక్టరు. విదేశంలో ఆ యంత్రమున్న ఆసుపత్రిలోనే ఒక ఏడాది తర్ఫీదు పొంది వచ్చాడు. తల్లిని చూడ్డానికి ఊరొచ్చిన వాణ్ణి పట్టుకుని, చేనేత సంఘం వాళ్ళ హాల్లో ఒక ఉపన్యాసం ఏర్పాటు చేశారు. అధ్యక్షత వహించడానికి ఆ యంత్రం పేరెత్తితే పూనకం వచ్చే శ్రీపాదరావు కంటే తగినవాడెవడు? ఆయన జరీ కండువా తీయించాడు. పద్మాబాయి కూడా పిన్నమ్మను చూడాలని బయలుదేరింది. గతుకుల రోడ్డు మీద బస్సు ఎగిరిపడిన ప్రతిసారీ ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. పక్కన శ్రీపాదరావు అధ్యక్షోపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు.

ఆ అధ్యక్షోపన్యాసం టీ చల్లారిపోయే దాకా సాగింది. నేతగాళ్ళు మర్యాదస్తులు, విన్నారు. తర్వాత చక్రపాణి లేచి, నల్లబల్ల మీద కడియం గీసి, దాంట్లో తల గీశాడు. ఆ ఆక్సిజన్ రెండు నిమిషాలకు సగమైపోతుంది కాబట్టి పక్క గదిలోనే తయారుచేసుకోవాలన్నాడు. దాన్ని నీళ్ళలో కలిపి సూదితో ఎక్కిస్తే రక్తం ఎటు పోతోందో తెలుస్తుంది. పీల్పిస్తే ఎంత ఖర్చయిందో తెలుస్తుంది. అంతా చెప్పి, తేలిన సంగతి కూడా చెప్పాడు. మనిషి ఊరికే పడుకున్నా, పెద్ద పెద్ద లెక్కలు కట్టినా మొత్తం మీద మెదడు తినేది ఇంచుమించు ఒకటే. పని జరిగే చోటికి రక్తం మాత్రం బాగా పరుగెత్తుతుంది. కానీ అంత రక్తం వచ్చిపడినా, అక్కడ అదనంగా ఖర్చయ్యే ఆక్సిజన్ కొంచెమేనని ఈమధ్యే కొలిచి చూశారట.

"మంత్రి వచ్చినట్ల," అన్నారెవరో వెనక నుంచి. "జీపులు నిండా వస్తాయి, పని మాత్రం అంతే." హాలంతా నవ్వింది. శ్రీపాదరావు నవ్వలేదు.

ఆ నవ్వులు ఆగకముందే ఆడవాళ్ళ వైపు నుంచి పద్మాబాయి లేచి నిలబడింది. పెళ్ళైనప్పటి నుంచి ఆమె నలుగురిలో నోరు విప్పగా శ్రీపాదరావు చూడలేదు.

"చక్రపాణీ, ఒక మాట. నీళ్ళ బిందె మోస్తే మెదడుకు రక్తం తగ్గిపోతాదా?"

చక్రపాణికి ఈ గొడవ ఏం తెలుసు? "లేదక్కా," అన్నాడు. "చేతులు ఎంత పని చేసినా మెదడు తన వాటా తాను తీసుకుంటాది. కుర్చీలో కూచునే బావ లాంటోళ్ళకయితే నాలుగు బిందెలు మోయడం ఇంకా మంచిది."

"సరే నాయనా," అని ఆమె కూర్చుంది.

ముగింపు మాటలకు శ్రీపాదరావు లేచాడు. ఆ యంత్రం కొలిచింది పరదేశుల మెదళ్ళను కదా అన్నాడు. అన్నాక తన మాట తనకే నచ్చక నీళ్ళు నమిలి, వందన సమర్పణ చేసి కూర్చున్నాడు. తిరుగు బస్సులో పద్మాబాయి ఏమైనా అంటుందని కాచుకున్నాడు. అంటే జవాబు సిద్ధంగా ఉంది. ఆమె ఆదోని వచ్చేదాకా కిటికీలోంచి జొన్న చేలు చూస్తూ కూర్చుంది.

మర్నాడు తెల్లవారి ఆయన పెరట్లోకి వచ్చేసరికి ఆమె తడి చీరతో ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చేత్తో ఖాళీ బిందె ఎత్తబోతోంది. వంగలేక నిలబడిపోయింది. ఏడేళ్ళు ఈమె చేత అబద్ధం మోయించానే అని ఆయనకు అనిపించింది. పరుగున పోయి అందుకుందామంటే తాను మడిలో లేడు, ముట్టుకోకూడదు.

"ఆడనే ఉండనీ. స్నానం చేసి వస్తాను," అన్నాడు.

తడి పంచెతో మాస్టరు బిందె పట్టుకుని రావడం చూసి బావి దగ్గర ఆడవాళ్ళు మాటలాపి దారిచ్చారు. కమలాబాయి మాత్రం చేంతాడు అందిస్తూ, ఏమి సార్, ఆలోచన ముగిసిందా అని అడిగింది. ఆయన తలెత్తలేదు. తాడు అరచేతుల్లో మంట పుట్టించింది. నిండు బిందె భుజాన పెట్టుకుని పది ఇళ్ళు దాటేసరికి ఒళ్ళు తూలింది. అయినా బుర్ర శుభ్రంగా పని చేస్తూనే ఉందని గమనించి, కొంచెం నొచ్చుకున్నాడు.

అరుగు మీద పళ్ళు తోముకుంటున్న మధుసూదనరావుకు ఈ దృశ్యం చూసి నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. మీ మెదడు గతి ఏం కావాల సార్ అని అడిగాడు. మొహంలో నిజంగానే భయం. తన కొంప కూడా మునగబోతోందని తెలిసినవాడి భయమది.

అడిగితే చెప్పకుండా ఉండగలిగితే ఆయన శ్రీపాదరావు ఎందుకవుతాడు? అక్కడే ఆగి మొదలుపెట్టాడు. రక్తం ఎక్కడికి ఎంత పరుగెత్తుతుందో చెప్తూ చెప్తూ, బిందె చంకకు మార్చుకుని, ఖాళీ అయిన చేత్తో మధుసూదనరావు నెత్తి మీద ఒక్కటి తట్టి చూపించాడు.

"మడి పోయె," అంది వెనకే వస్తున్న కమలాబాయి.

స్నానం కాని నెత్తి అది. చేసేదేముంది? నీళ్ళన్నీ కాలవలో పారబోసి, మళ్ళీ స్నానం చేసి, మళ్ళీ బావికి పోయాడు. రెండోసారి అటుగా వచ్చేటప్పుడు అరుగు మీద ఎవరూ లేరు. లోపలి నుంచి మొగుణ్ణి స్నానానికి లెమ్మనే కమలాబాయి గొంతూ, ఖాళీ బిందె కింద పెట్టిన చప్పుడూ వినిపించాయి.

నీళ్ళు వంటింట్లో దించి, నడుము పట్టుకుని, కాస్త వాలుదామని కిటికీ దగ్గరికి వచ్చాడు. పడక కుర్చీలో పద్మాబాయి ఉంది. కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని ఉంది. ఆ కుర్చీలో ఆమె కూర్చోగా ఆయన ఎన్నడూ చూడలేదు. నొప్పి ఎక్కువైందేమోనని ఆదుర్దాగా దగ్గరికి పోయి, ఏమైందని అడిగాడు.

ఆమె కళ్ళు తెరవలేదు.

"ఆలోచిస్తాండాను, మాట్లాడించొద్దండి."

ఆయన మెల్లగా, దేని గురించి అని అడిగాడు.

"మధ్యాహ్నానికి ఇంకొక బిందె కావాల."