తలుపుకి అవతల అత్తయ్య

వీధిలో తాళాలన్నీ ఆయన చేతికి లొంగేవి కనక అందరికీ ఆయన తాళాల మావయ్య. భార్య పోయిన దుఃఖాన్ని మాత్రం తాళలేకపోయాడు. తాళం తీసేవాడికి తాళుకోవడం కూడా రావాలని ఎక్కడుంది?

ఆ రోజు ఆయన్ని పనికి పిలిచింది డాక్టరమ్మ. ఆస్పత్రికీ మందుల షాపుకీ ఒకటే గోడ, వాకిళ్ళే చెరో వీధిలో. ఇవతల మందు రాస్తారు, అవతల మందు ఇస్తారు, మధ్యలో కబురు మాత్రం దాటదు. గోడలో తలుపుంది గాని, దాని తాళంచెవి ఏనాడో పోయింది.

"ఇకమీదట మేమూ షాపువాళ్ళూ కలిసి చూస్తాం మావయ్యా. ఎవరికి ఏ మందు వెళ్తోందో ఇద్దరికీ తెలుస్తుంది. పేషెంటుగా మీరేమంటారు?"

"మీరిద్దరూ కలిస్తే మా గతేంటమ్మా? మీ దగ్గర దాచింది అక్కడా, అక్కడ దాచింది మీ దగ్గరా చెప్పుకుని బతుకుతున్నాం!"

డాక్టరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ తలుపుకి ఇవతల ఆయన భార్య చనిపోయింది. ఆవిడ కళ్ళు మూసింది ఈ డాక్టరమ్మే. అవతల మాత్రం ఆవిడ ఇంకా బతికే ఉంది. ఆవిడ పోయాక మొదటిసారి షాపుకి వెళ్తే, షాపమ్మాయి అలవాటుగా ఆయనకొకటీ ఆవిడకొకటీ రెండు పొట్లాలు కట్టి "అత్తయ్యెలా ఉంది?" అంది. పోయిందని చెప్పబోయి, "అలాగే ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆవిడ అక్కడ మళ్ళీ కాపురం పెట్టింది.

"ఉప్పు తగ్గించిందా?"

"పూర్తిగా మానేసిందమ్మా."

"మోకాళ్ళ నొప్పి?"

"ఆ ఊసే ఎత్తడం లేదు."

ఒక్కటంటే ఒక్క అబద్ధం లేదు, చూడండి.

ఆవిడ పొట్లాన్ని ఇంట్లో ఆవిడ గ్లాసు పక్కనే పెట్టేవాడు. పొద్దున లేచి చూస్తే ఒక మాత్ర తగ్గి ఉండేది. ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే. మొదట మాత్ర తగ్గిందని భయం. పోనుపోను, ఎక్కడ తగ్గకుండా ఉంటుందో అన్నది భయమైంది.

ఇప్పుడా తలుపు తాళం కన్నంలో సలాక తిప్పాడు. లోపల ఏదో కదిలింది. ఇంకొక్క తిప్పు తిప్పితే తెరుచుకుంటుంది. తెరుచుకుంటే ఆవిడ రెండోసారి పోతుంది.

"తుప్పమ్మా, రాదు" అంటూ లేవబోయి తూలాడు.

డాక్టరమ్మ పట్టుకుని కూచోబెట్టి, చేతికి బీపీ చూసే పట్టీ చుట్టింది. "బీపీ పాతాళంలో ఉంది! నేనిచ్చింది కాక ఇంకేం మింగుతున్నారు?"

"పాతాళంలోనూ తాళమేనా నా ఖర్మ!"

అంతలో తలుపు వెనకనించి షాపమ్మాయి కేక: "మావయ్యా, నీ గొంతేనా? అత్తయ్య బీపీ మాత్రలు కట్టి ఉంచాను, పట్టుకెళ్ళు!"

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏ అత్తయ్య?" అంది గొంతు తగ్గించి. "ఆ మాత్రలు ఎవరు వేసుకుంటున్నారు?"

"ఆవిడే. తెల్లారేసరికి..."

"మీరే, నిద్రమత్తులో. మీవి కాక ఆవిడవి కూడా. ఇలాగే సాగితే ఒకరోజు మెట్ల కింద పడి ఉంటారు మావయ్యా."

ఆయన లేచి, సలాక పెట్టి, ఒక్క తిప్పు తిప్పాడు.

అవతల షాపమ్మాయి రెండు పొట్లాలతో నవ్వుతూ నిలబడి ఉంది.

"ఒకటి చాలమ్మా. అత్తయ్య వానాకాలంలోనే వెళ్ళిపోయింది."

"మరి... అడిగినప్పుడల్లా ఉన్నట్టే చెప్పావు కదా!"

"అడిగేదానివి నువ్వొక్కదానివే కదా తల్లీ."

ఇంట్లో మిగిలిన మాత్రలు తెచ్చి ఇచ్చేయమంది డాక్టరమ్మ. సరేనని సంచీ సర్దుకుని, గడప మీద ఆగాడు.

"నేనే మింగుతున్నానన్నారు, ఒప్పుకున్నా. మరి పొద్దున్నే నా గ్లాసూ ఆవిడ గ్లాసూ రెండూ తడిసి ఉంటున్నాయేంటమ్మా?"